కొత్తల పండుగ దాకా

బాబూరావు బూట్లతోనే లోపలికి వచ్చాడు. సంత షెడ్డులో అడుగు పెట్టేముందు జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకోవడం మాత్రం మరిచిపోలేదు. కింద పరిచిన అడ్డాకుల మీద ఒక కాలు వేశాడు. ఆకు పగిలిన చప్పుడు విని కూడా రెండో కాలు దాని పక్కనే వేశాడు.

ముత్తక్క చేతిలో విస్తరి సగంలో ఉంది. వెదురు పుల్లను పంటితో చీల్చి, ఒక ఆకు అంచును ఇంకో ఆకు మీదికి లాగి, పుల్ల గుచ్చి విరిచింది. తల ఎత్తలేదు.

"ఆకులు సారూ" అంది.

"ఆఁ?"

"నీ కాళ్ళ కింద. అన్నం పెట్టుకుని తినేటియి."

బాబూరావు కిందికి చూశాడు. చూసి, పక్కకు జరగకుండా నవ్వాడు. ఆ నవ్వు ముత్తక్కకు బాగా తెలుసు. అతను నడిపే 'గూడునీడ ఫౌండేషన్' బోర్డు మీద కూడా అదే నవ్వు ఉంటుంది. గోదారి వరదలో ఇళ్ళు పోయినవాళ్ళకు ఇళ్ళు కట్టిస్తాం, పని నేర్పిస్తాం, సొంతకాళ్ళ మీద నిలబెడతాం అని ఆ బోర్డు చెబుతుంది. మణుగూరు రోడ్డు పక్కన వరసగా ఇళ్ళయితే కట్టారు, అబద్ధమాడకూడదు. వాటికి ఇటుకలు మోసింది ముత్తక్కే. ఎండాకాలమంతా బిందెలతో గోడలు తడిపింది కూడా ముత్తక్కే. సున్నం వేశాక తాళాలు మాత్రం మణుగూరులో మేడలున్నవాళ్ళ చేతికి పోయాయి. వాళ్ళందరూ బాబూరావుకు ఏదో ఒక వరసలో బావమరుదులు.

"ఎల్లుండి ఆదివారం హైదరాబాద్ నుంచి దాతలొస్తున్నరు" అన్నాడు బాబూరావు. "ఇండ్లు చూస్తరు. ఇండ్లల్ల మనుషులు కనపడాలె. మీరు వచ్చి కూసోండ్రి."

"తీసుకున్నోళ్ళు ఉన్నరు గదా?"

"వాళ్ళు బిజీ."

"నాలుగో ఇంట్ల మేకలు కట్టేసిండ్రు. అవి గుడ బిజీయేనా సారూ?"

షెడ్డులో నవ్వులు లేచాయి. మూలన కూర్చున్న గంగయ్య తాత చుట్ట పొగ గొంతుకు అడ్డంపడి దగ్గాడు. బాబూరావు ముఖం మాడింది కానీ గొంతు మాత్రం తియ్యగానే ఉంది.

"రెండు దినాలు కూసుంటే సాలు. ఆడోళ్ళకు చీరలు. కూలి గుడ పడ్తది. ఎవరన్న అడిగితే మాదే ఇల్లు అనాలె. ఆదివారం పొద్దుగూకంగ ట్రాక్టర్ మళ్ళ ఈడనే దించుతది."

"సోమవారం సంత కల్లా ఈ షెడ్డు గుడ ఖాళీ చెయ్యాల్నన్నరు" అన్నాడు ముత్తక్క మొగుడు సీతయ్య, భయపడుతూ. "సంతను వేలంల పాడుకున్నాయన వచ్చి చెప్పిపోయిండు."

"గది పంచాయితోళ్ళ మ్యాటర్. నా మ్యాటర్ గాదు."

అంతే. జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతను తొక్కిన ఆకుల్ని ముత్తక్క ఏరి పక్కన పడేసింది. ఛీ, వీడి ముఖానికి దాతలొకరు.

ఇటు చూస్తే సీతయ్య అప్పటికే చాప చుట్టడం మొదలుపెట్టాడు. ఎవరు పొమ్మన్నా చాప చుట్టడం అతనికి అలవాటైపోయింది. గోదారి పొమ్మంటే చుట్టాడు, బడి వరండా ఖాళీ చెయ్యమంటే చుట్టాడు, ఇప్పుడు వీడు రమ్మంటే చుడుతున్నాడు.

"నీకు పౌరుషం లేదా?" అంది ముత్తక్క.

"ఉన్నది. యాడ పెట్టుకోవాలె దాన్ని? జాగా లేదు గదా."

ముత్తక్క షెడ్డు దూలానికి ఉట్టిలో వేలాడుతున్న కుండ వైపు చూసింది. గుడ్డ కప్పి ఉన్న పెద్దల కుండ అది. అత్తమామలూ, వాళ్ళ అత్తమామలూ అందులోనే ఉన్నారు. వరదొచ్చిన రోజు బియ్యం వదిలేసి దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచింది. అప్పట్నించి అది వేలాడుతూనే ఉంది. సంత షెడ్డు ఎవరికీ ఇల్లు కాదు, అక్కడ కుండను కూర్చోబెట్టకూడదు. రెండు కొత్తల పండుగలు వచ్చి వెళ్ళిపోయాయి. పెద్దలకు కొత్త గింజ చూపించకుండానే ముత్తక్క కొత్త బియ్యం వండుకుని తింది. తిన్న ప్రతిసారీ సిగ్గుపడింది. తన మీద తనకున్న చులకన ముందు బాబూరావు మీద ఉన్నది ఏపాటి?

"పోదాం పా" అంది. "చీర ఇస్తడంట గదా."

*

శనివారం పొద్దున్నే ట్రాక్టరు వాళ్ళను ఇళ్ళ ముందు దించింది. అప్పటికే ఖమ్మం నుంచి ఉషారాణి మేడం వచ్చి ఉంది. మెడలో సంస్థ పేరున్న తాడు, కళ్ళకు నల్లద్దాలు. ఎవరు ఏ ఇంట్లో కూర్చోవాలో వేలితో చూపించేసింది, సంతలో బేరగాడు కోళ్ళను గంపల్లోకి తోలినట్టు.

ముత్తక్కకు నాలుగో ఇల్లు వచ్చింది. మేకల్ని అప్పుడే తోలుకుపోయారు కాబట్టి నేల నిండా పెంటికలు, మూలలన్నీ తడి. ముత్తక్క చీపురు పట్టింది. ఊడ్చింది, బోరింగు దగ్గర్నించి నీళ్ళు తెచ్చి పోసింది, కొబ్బరిపీచుతో రుద్దింది. కిటికీ కింద గోడ మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఈ గోడ ఎన్ని బిందెలు తాగిందో. పరాయివాళ్ళ మేకల కోసం నడుము విరగ్గొట్టుకున్నదన్న మాట.

మధ్యాహ్నానికి ఆఫీసు నుంచి కుట్టుమిషన్లు వచ్చాయి, ఇంటికొకటి. వాటి మీద ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు.

"నాకు కుట్టుడు రాదు మేడం" అంది ముత్తక్క.

"రావాల్సిన పనిలేదు. వాళ్ళు వచ్చినప్పుడు తొక్కుతూ ఉండు."

"దారం లేదు."

"అంత దగ్గరికొచ్చి ఎవరు చూస్తరు? తొక్కు."

తరవాత ఉషారాణి అందరినీ ఇళ్ళ ముందు కూర్చోబెట్టి మాటలు నేర్పించింది. మా బతుకులు మారినయ్. మా కాళ్ళ మీద మేము నిలబడ్డం. గంగయ్య తాతకు 'మారినయ్' దగ్గరే ఆగిపోతోంది. ఏం మారినయ్ బిడ్డా అని ఆమెనే అడుగుతున్నాడు. ఆమె విసుక్కుని ముత్తక్క వైపు తిరిగింది.

"మీ గోండోళ్ళల్ల కొత్తింట్లకు ఎట్ల పోతరు?"

"మేం కోయోళ్ళం."

"అదే. ఏం చేస్తరు? దాతలకు ట్రైబల్ కల్చర్ అంటే బాగ ఇష్టం."

"ఇల్లిచ్చినోళ్ళు గడప బయట నిలబడి నిప్పిస్తరు. ఉండమని మూడు తాపలు అంటరు. ఆ నిప్పుతోని పొయ్యి ముట్టిచ్చి, పెద్దల కుండను కూసోబెట్టి, కోడిని కోస్తం."

"సూపర్. డ్యాన్స్ ఉంటదా?"

"ఉండదు."

"సరే, ఉన్నకాడికి చెయ్యి. రేపు పదింటికి."

ముత్తక్క చీపురు కింద పెట్టింది. "చెయ్యొద్దు మేడం. కుండను ఒక్కపాలి కూసోబెడితే కొత్తల పండుగ దాకా కదిలియ్యొద్దు. కదిలిస్తే ఆ ఇంటి మనుషులు బతకరు. రేపు పొద్దుగూకంగ ట్రాక్టర్ ఎక్కాలె గదా మేము?"

"అబ్బా, నిజంగ గాదు. ఊరికె. ఏదన్న ఖాళీ కుండ పెట్టు."

"ఊరికె పెట్టే కుండ మా తాన లేదు."

అటుపక్క సెల్‌ఫోనులో ఎవరినో బతిమాలుతున్న బాబూరావు, ఫోను గుండెకు ఆనించుకుని ఇటు వచ్చాడు. "ఏంది లొల్లి?"

ఉషారాణి చెప్పింది. బాబూరావు కళ్ళు మెరిశాయి. దాతల ముందు తను నిప్పు చేత్తో పట్టుకుని, పక్కన కోయామె, వెనక కొత్తిల్లు. ఆ ఫోటో అతనికి అప్పుడే కనబడిపోయింది.

"చెయ్యి. నిజంగనే చెయ్యి. ఎవడొద్దన్నడు? నిప్పు నేనే ఇస్త."

"నువ్వే ఇయ్యాలె సారూ. ఇచ్చి ఉండుమనాలె. అంటే మళ్ళ కొత్తల దాకా కదలరాదు."

"ఏందే నీ గోల? మూడు తాపలు గాదు, ముప్పై తాపలు నేనే అంట. ఐపోయిందా?"

"కదలరాదు సారూ" అంది ముత్తక్క మళ్ళీ, గొంతు పెంచి.

బాబూరావు అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని వెనక్కి తిరిగాడు. వినాల్సినవాడు వినలేదు. గంగయ్య విన్నాడు. ఇళ్ళ ముందు కూర్చున్న వాళ్ళంతా విన్నారు. సీతయ్య అయితే విన్న దగ్గర్నించి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

"నువ్వు ఏం చెయ్యబోతున్నవ్?" అన్నాడు పెళ్ళాంతో, మెల్లగా.

"వాడు చెయ్యమన్నదే చేస్త."

ఆ సాయంత్రం ముత్తక్క మొగుణ్ణి తీసుకుని షెడ్డు దాకా నడిచి వెళ్ళింది. పొయ్యిరాళ్ళు గోనెసంచిలో వేసి సీతయ్య నెత్తికెత్తింది. ఉట్టి విప్పి కుండను తన నెత్తిన పెట్టుకుంది.

*

దాతలు పదింటికి కాదు, ఎండ నెత్తికెక్కాక వచ్చారు. తెల్లకారు దిగిన పెద్దాయన ప్రతిదానికీ తల ఊపుతాడు. ఆయన భార్య ప్రతిదాన్నీ ముట్టుకుని చూస్తుంది. గోడను ముట్టుకుంది, విస్తర్ల కట్టను ముట్టుకుంది, ముత్తక్క చేతి పచ్చబొట్టును కూడా ముట్టుకుని "ఎంత బాగుందో" అంది. ముత్తక్క తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

బాబూరావు కొత్త చొక్కా వేశాడు. కుండపెంకులో నిప్పులు పెట్టి చేతికిస్తే, వేళ్ళు కాలతాయని పెంకు కింద జేబురుమాలు పెట్టుకున్నాడు. ముక్కుకు పెట్టుకునే ఆ జేబురుమాలు ఇన్నాళ్ళకు ఒక మంచి పనికి వచ్చింది. గడప బయట నిలబడి, ముత్తక్క వైపు కాకుండా ఫోటోలు తీసే అతని వైపు చూసి నవ్వాడు.

"ఉండు" అన్నాడు.

ముత్తక్క చేతులు చాచింది కానీ పెంకు అందుకోలేదు. ఎదురుచూస్తూ నిలబడింది.

"ఉండు. ఉండు. ఇంక తీస్కో, కాల్తున్నది."

ఆమె అందుకుంది. గడప లోపల సీతయ్య రాళ్ళు పేర్చి ఉంచాడు. నిప్పులు వాటి మధ్య వేసి, ఎండు పుల్లలు పెట్టి, వంగి ఊదింది. పొగకు దాతలు దగ్గుతూ కిటికీ దగ్గరికి జరిగారు. మంట లేచింది. ముత్తక్క కుండను మూలన వడ్ల మీద కూర్చోబెట్టి, గుడ్డ తీసింది. వరద నీళ్ళలో నడిచినప్పుడు కూడా ఏడవని మనిషికి ఇప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ దొంగల ముందు ఏడుపేంది అని తనని తాను తిట్టుకుంది. అయినా ఆగలేదు. అత్త పేరు, మామ పేరు, వాళ్ళ పైవాళ్ళ పేర్లు కోయమాటలో ఒక్కొక్కటే పిలిచింది. వచ్చినం, ఇగ కూసోండ్రి, ఆకలైతే ఓపిక పట్టుండ్రి, కొత్తలు పెడతా అని చెప్పింది. సీతయ్య కోడిని కోశాడు.

"ఏమంటోంది?" అని అడిగింది హైదరాబాదమ్మ.

"సంస్థకు థ్యాంక్స్ చెప్తున్నది మేడం" అంది ఉషారాణి.

హైదరాబాదమ్మ కళ్ళు తుడుచుకుంటూ ముత్తక్క పక్కన చతికిలబడింది. "ఎప్పుడొచ్చారమ్మా ఈ ఇంట్లోకి?"

"ఇయ్యాల్నే."

బాబూరావు నవ్వు కొయ్యబారింది. ఉషారాణి అందుకుంది. "ఆమెకు రోజూ కొత్తింట్లకొచ్చినట్టే ఉంటదంట మేడం."

"అయ్యో, ఎంత మంచి మాట! మిషను మీద ఏం కుడతారు?"

"కుట్టను. తొక్కుత."

పెద్దాయన తల ఊపాడు. ఆయనకు అదీ నచ్చింది. హైదరాబాదమ్మ పెద్దల కుండ గురించి అడిగింది, కొత్తల పండుగ ఎప్పుడని అడిగింది. కొత్త వడ్లు ఇంటికి వచ్చినప్పుడని ముత్తక్క చెప్పింది. ఆవిడ లేచి బాబూరావు వైపు తిరిగింది.

"ఆ పండక్కి మేమిద్దరం వస్తాం. ఈ ఇంట్లోనే, ఈమె చేతి అన్నమే తింటాం. రోడ్డు మీద ఈమె ఫోటోతోనే పెద్ద బోర్డు పెట్టించండి. ఇంకా ఇళ్ళు కట్టాలంటున్నారు కదా, ఆ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం."

"తప్పకుండ మేడం" అన్నాడు బాబూరావు. ఇంకా కట్టబోయే ఇళ్ళు తప్ప అతని చెవికి వేరే ఏమీ ఎక్కలేదు.

*

పొద్దు గుట్ట మీదికి వాలుతుండగా ట్రాక్టరు వచ్చింది. ముందు కుట్టుమిషన్లు ఎక్కించారు, జాగ్రత్తగా, గోనెసంచులు అడ్డం పెట్టి. తరవాత మనుషులు ఎక్కారు. వాళ్ళకు ఏ అడ్డమూ అక్కర్లేదు. ఎక్కడ దిగాలో ఎవరికీ తెలియదు, పొద్దున సంత. అయినా ఎక్కారు. సీతయ్య చాప చంకలో పెట్టుకుని ఒక మూల నిలబడ్డాడు.

ముత్తక్క రాలేదు. ఆమె ఇంట్లో మిషను కూడా రాలేదు. డ్రైవరు హారను కొట్టాడు. లోపల్నించి పుల్ల విరిచిన చప్పుడు మాత్రం వస్తోంది.

బాబూరావు విసవిసా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఏందే, చెవుడొచ్చిందా? ఎక్కు."

"ఎక్కరాదు సారూ. కుండ కూసున్నది."

"గది యాక్టింగే!"

"నువ్వు యాక్టింగ్ చేసినవేమో. మా పెద్దలకు యాక్టింగ్ రాదు."

"చూడు ముత్తక్కా, మర్యాదగ చెప్తున్న. ఈ ఇల్లు వేరేటోళ్ళది. మేకలు వస్తయ్."

నిజంగానే ఒక మేక పాత అలవాటు కొద్దీ రోడ్డు దాటి వచ్చింది, గడప మీద ముందు కాళ్ళు పెట్టింది. ముత్తక్క కూర్చున్న చోటు నుంచే "థూ, పో" అని చీపురు విసిరింది. అది బెదిరి బాబూరావు కాళ్ళ సందులోంచి పరుగెత్తింది. ట్రాక్టరు మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"పోలీసోళ్ళను పిలుస్త!"

"పిలువు. ఏమని చెప్తవ్? నేనే నిప్పిచ్చిన, నేనే ఉండుమన్న, పొద్దుగూకంగ పొమ్మన్న అని చెప్తవా? చెప్పు. ఫోటోలు గుడ ఉన్నయ్ గదా నీ తాన."

బాబూరావు ఉషారాణి కోసం చుట్టూ చూశాడు. ఆమె దాతల కారు వెనకాలే ఖమ్మం వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళుంటవే గిట్ల?"

"కొత్తల పండుగ దాకా."

"ఆ పండుగైనంక పోతవా?"

"పండుగకు మళ్ళ కూసోబెడ్తం. మళ్ళ వచ్చే కొత్తల దాకా కదలరాదు." ముత్తక్క విస్తరిని తిప్పి ఇంకో ఆకు కలిపింది. "ఏటేటా వస్తది సారూ పండుగ. నేను రెండుపాలి చెప్పిన. నువ్వు ఫోన్ల ఉన్నవ్."

ట్రాక్టరు ఇంజను గడగడలాడుతోంది. అప్పుడు సీతయ్య కిందికి దిగాడు. బాబూరావు వైపు చూడలేదు, చూస్తే మళ్ళీ ఎక్కేస్తానని భయం కాబోలు. వంగి, బాబూరావును దాటుకుని ఇంట్లోకి పోయి, చాప కింద వేసి చేత్తో సాపు చేశాడు. ముత్తక్క మొగుణ్ణి కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"దొరికిందా జాగా?" అంది.

సీతయ్య చాప మీద కూర్చుని, కాళ్ళు చాపుకున్నాడు.

అతని వెనకే గంగయ్య తాత దిగాడు. ముసలివాడికి ట్రాక్టరు దిగడం కష్టం, ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. వాకిట్లో పడి ఉన్న కుండపెంకును తీసుకున్నాడు, మధ్యాహ్నం బాబూరావు పట్టుకున్న పెంకే అది. గడప బయట నిలబడి దాన్ని చాచాడు.

"నిప్పియ్యి బిడ్డా."

"ఏయ్ ముసలోడా! నీకెవడు ఉండుమన్నడు?" అని అరిచాడు బాబూరావు.

ముత్తక్క లేచింది. పొయ్యిలోంచి నిప్పులు తీసి పెంకులో వేసింది. గడప లోపల నిలబడి, గంగయ్య ముఖంలోకే చూస్తూ చెప్పింది.

"ఉండు తాతా. ఉండు. ఉండు."

గంగయ్య పక్కింటి వైపు నడిచాడు, నిప్పుకు చెయ్యి అడ్డం పెట్టుకుని. ట్రాక్టరు మీద నుంచి ఒక్కొక్కరే దిగుతున్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ వెలిగించుకున్నాడు. అతనికి ఎటైనా కిరాయి వస్తుంది.

బాబూరావు అటూ ఇటూ పరుగెత్తాడు. ఒకణ్ణి చొక్కా పట్టుకుని లాగాడు, ఇంకొకామెను తిట్టాడు. అప్పుడే అతని ఫోను మోగింది. నంబరు చూసి, గొంతు సవరించుకుని, ఎవరి చొక్కా పట్టుకున్నాడో వాణ్ణి వదిలేశాడు.

"మేడం... కొత్తగూడెం దాటినరా మేడం... ఆఁ, ఉన్నది మేడం, ఇంట్లనే ఉన్నది... మాట్లాడతరా? ఇప్పుడా? ఆమె కొంచెం పనిల... లేదు లేదు మేడం, ఇస్త, ఒక్క నిమిషం."

ఫోను అరచేత్తో మూసుకుని ముత్తక్క వాకిట్లోకి వచ్చాడు. ముత్తక్క అప్పటికి కుట్టుమిషను కవరు విప్పి, రెండు అడ్డాకులు కలిపి సూది కింద పెట్టి, చక్రం చేత్తో మెల్లగా తిప్పుతోంది. సూది ఆకుల్లో దిగి పైకి వచ్చింది. ఆకు చిరగలేదు. దారం ఉంటే కుట్టేటట్టే ఉంది.

"మేడం మాట్లాడుతదంట. పండుగకు ఏం తేవాల్నో అడుగుతదంట" అన్నాడు బాబూరావు. ఆ గొంతులో తీపి లేదు, అరుపూ లేదు. "మంచిగ మాట్లాడు ముత్తక్కా. నీ కాల్మొక్త."

ఫోను చాచి గడప మీద ఒక కాలు వేశాడు.

"బూట్లు ఇడిచి రా సారూ" అంది ముత్తక్క, ఆకుల మీద నుంచి తల ఎత్తకుండానే. "లోపల పెద్దలున్నరు."

ఫోనులోంచి హలో, హలో అని వినబడుతూనే ఉంది. బాబూరావు కాలు వెనక్కి తీసుకున్నాడు. వాకిట్లో అందరూ చూస్తుండగా, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వస్తున్న మేడం వస్తున్న అంటూ, వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు.